సైబర్ సెక్యూరిటీ పరిశోధన ప్రపంచంలో ఎటు నడుస్తోందో లెక్క తేల్చడం ఎలా?

మొన్న ఒక పీహెచ్‌డీ అమ్మాయి మా కాలేజీ లైబ్రరీకి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి ఒక గ్రాఫ్ చూపించింది. సైబర్ సెక్యూరిటీ మీద ప్రపంచమంతటా ఏటా ఎన్ని పేపర్లు వచ్చాయో గీసింది. గీత 2005 దాకా నేలకు అంటుకుని ఉంది. 2015 దాటాక కైలాసగిరి ఘాట్ రోడ్డులా లేచింది. చివరి ఏడాది దగ్గర ధబీమని పడింది. "మేడమ్, దీని మీద పరిశోధన తగ్గిపోతోందా? ఈ టాపిక్ తీసుకోవచ్చా?" అని టెన్షన్ పడుతోంది.

తగ్గలేదు. చివరి ఏడాది పేపర్లు ఇంకా పేపర్ల వివరాలు పోగేసే డేటాబేస్‌లోకి పూర్తిగా ఎక్కలేదు. 2005కు ముందు గీత అంత అడుగున ఉండటం కూడా నమ్మదగ్గది కాదు. ఆమె వెతికింది "సైబర్ సెక్యూరిటీ" అన్న ఒక్క మాటనే. ఆ రోజుల్లో అదే పని చేసేవాళ్లు దాన్ని కంప్యూటర్ సెక్యూరిటీ అనో, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ అనో రాసుకునేవారు. పబ్లిక్ కీ క్రిప్టోగ్రఫీకి దారి వేసిన డిఫీ, హెల్‌మన్‌ల 1976 నాటి పేపర్ కూడా ఈ వెతుకులాటలో దొరకదు. పేరు మారడమే గ్రాఫ్‌లో పని పెరగడంలా కనిపిస్తోంది. దీనికి తోడు డేటాబేస్‌లు కూడా ఏటా పెద్దవవుతుంటాయి. ఏ టాపిక్ పెట్టినా గీత పైకే పోతుంది.

పేరు మారడం వల్ల వచ్చినదెంత, డేటాబేస్ పెరగడం వల్ల వచ్చినదెంత, చివర్లో ఎక్కనివెన్ని అని విడదీశాక మిగిలేదే అసలు ట్రెండ్. సాఫ్ట్‌వేర్‌లో రంగుల మ్యాప్ గీయడం ఒక పూట పని. దానికి ముందున్న పనికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఏం చేయాలో రాస్తున్నాను.

పేపర్లను లెక్కపెట్టి పరిశోధన తీరు తెలుసుకునే ఈ విద్య పేరు బిబ్లియోమెట్రిక్స్. ఆ పేరు 1969లో అలన్ ప్రిచర్డ్ పెట్టారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1948లో, మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ ఇలాంటి లెక్కలకు లైబ్రమెట్రీ అన్న మాట వాడారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రరీ సైన్స్ చదువు 1935లోనే మొదలైంది. కాబట్టి ఇది విశాఖకు కొత్త విద్యేమీ కాదు, కంప్యూటర్ వాళ్లు లైబ్రరీ వాళ్లను వచ్చి అడగాలంతే.

ముందు ప్రశ్న

"ప్రపంచంలో సైబర్ సెక్యూరిటీ ట్రెండ్స్" అన్నది ప్రశ్న కాదు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఏ భాగం, దేన్ని లెక్కపెడుతున్నారు, ఈ మూడూ ఒక్క వాక్యంలో రాయగలిగినప్పుడే మొదలుపెట్టండి.

మనది ఓడరేవు ఊరు కాబట్టి ఆ అమ్మాయికి నేనొక ప్రశ్న ఇచ్చాను. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ మర్స్క్ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీని పడగొట్టింది. నష్టం 30 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని ఆ కంపెనీయే చెప్పింది. ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ పని కూడా దెబ్బతింది. అదే నెలలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఒక తీర్మానం చేసింది. 2021 నుంచి నౌకల భద్రతా ఏర్పాట్లలో సైబర్ ముప్పును కూడా చూసుకోవాలని దాని సారాంశం. అయితే నౌకల, ఓడరేవుల సైబర్ భద్రత మీద పరిశోధన 2010 నుంచి 2024 వరకు ఎలా నడిచింది? మొత్తం సైబర్ సెక్యూరిటీ పరిశోధనలో దాని వాటా పెరిగిందా? ఇది ప్రశ్న. దీనికి జవాబు చెప్పొచ్చు, తప్పయితే తప్పని నిరూపించనూ వచ్చు.

ఏ డేటాబేస్

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ డబ్బు కట్టి వాడేవి. మీ కాలేజీకి ఉన్నాయో లేదో లైబ్రరీలో అడగండి. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం పేపర్లు చదవడానికి బాగా పనికొస్తుంది. లెక్కకు కావలసిన డేటాబేస్ సంగతి మాత్రం విడిగా అడగాల్సిందే. ఏదీ లేకపోతే దిగులు పడొద్దు, ఓపెన్అలెక్స్ ఉంది. మైక్రోసాఫ్ట్ అకడమిక్ మూతపడుతున్న సమయంలో, 2022 జనవరిలో, ఒక లాభాపేక్ష లేని సంస్థ దీన్ని మొదలుపెట్టింది. పాత అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు మీద ఆ పేరు పెట్టారు. డేటాను ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. అన్నిటినీ పోగేస్తుంది కాబట్టి చెత్త కూడా ఎక్కువే, శుభ్రం చేసే పని పెరుగుతుంది. గూగుల్ స్కాలర్ ఒక పేపర్‌ను వెతుక్కోవడానికి మంచిదే కానీ, అది చూపించే "సుమారు ఇన్ని ఫలితాలు" అన్న అంకెను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. జర్నల్ పేపర్లు మాత్రమే ఏరుకుంటే ఈ రంగంలో సగం బొమ్మే కనిపిస్తుంది. వైద్యంలో, రసాయన శాస్త్రంలో పెద్ద పని జర్నల్‌లో వస్తుంది. కంప్యూటర్ సెక్యూరిటీలో పెద్ద పని కాన్ఫరెన్స్‌లో వస్తుంది. 1980 నుంచి జరుగుతున్న ఐట్రిపుల్ఈ సెక్యూరిటీ అండ్ ప్రైవసీ సింపోజియం, ఏసీఎం సీసీఎస్, యూజ్‌నిక్స్ సెక్యూరిటీ, ఎన్‌డీఎస్ఎస్, ఈ నాలుగింటినీ ఆ రంగం వాళ్లు అన్నిటికంటే పైన పెడతారు. "ఓన్లీ ఆర్టికల్స్" అని ఫిల్టర్ పెట్టగానే ఇవి లెక్కలోంచి జారిపోతాయి. చాలా థీసిస్‌లలో ఈ తప్పు చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఏళ్ల కష్టం ఒక్క టిక్ మార్కు దగ్గర పాడైపోతుంది.

మాటల వల

అసలు కష్టమంతా క్వెరీ, అంటే డేటాబేస్‌లో వెతకడానికి ఇచ్చే మాటల కూర్పు, రాయడంలో ఉంది.

ఇంగ్లీషులో సైబర్ సెక్యూరిటీ అన్న మాటను కలిపి రాస్తారు, విడదీసి రాస్తారు, మధ్యలో అడ్డగీత పెట్టీ రాస్తారు. మూడూ పెట్టండి. మీ డేటాబేస్ అడ్డగీతను ఖాళీగా చూస్తుందో లేదో మూడింటినీ విడివిడిగా వెతికి అంకెలు పోల్చి తెలుసుకోండి. తర్వాత పాత పేర్లు, అంటే కంప్యూటర్ సెక్యూరిటీ, ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ. ఆ తర్వాత లోపలి మాటలు: ఇంట్రూజన్ డిటెక్షన్, మాల్‌వేర్, రాన్సమ్‌వేర్, బాట్‌నెట్, ఫిషింగ్. వీటిని "లేదా"తో కలిపితే ఒక కట్ట అవుతుంది. నౌకల మాటలు ఇంకో కట్ట. రెండు కట్టలకూ మధ్య "మరియు" పెట్టాలి.

ఈ రెండో కట్ట దగ్గరే నేను మొదటిసారి దెబ్బ తిన్నాను. మనకు పోర్టు అంటే ఓడలు ఆగే చోటు. నెట్‌వర్క్ వాళ్లకు పోర్టు అంటే కంప్యూటర్‌లోకి వెళ్లే తలుపు నంబరు. "పోర్ట్ స్కానింగ్" మీద పేపర్లు కుప్పలు తెప్పలుగా వచ్చి పడ్డాయి. సరే, కంటైనర్ అని పెడితే? క్లౌడ్‌లో సాఫ్ట్‌వేర్‌ను పెట్టె కట్టి నడిపే పద్ధతి పేరు కూడా కంటైనరే. దాన్ని నడిపే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ పేరు డాకర్. హార్బర్‌లో వినిపించే మాటలన్నీ కంప్యూటర్ వాళ్లు ముందే తీసేసుకున్నారు. వెజల్ అంటే నౌకే, రక్తనాళం కూడా. ఇక ఏఐఎస్ అన్న మూడక్షరాలు, అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. నౌక తానెక్కడుందో, ఎటు పోతోందో చుట్టూ ఉన్నవాళ్లకు రేడియోలో చెప్పే వ్యవస్థ అది. దాన్ని మోసం చేయడం మీద మంచి పరిశోధన ఉంది. కానీ ఆర్టిఫిషియల్ ఇమ్యూన్ సిస్టమ్‌ను కూడా ఏఐఎస్ అనే అంటారు. ఆ పద్ధతిని చొరబాట్లు పట్టుకోవడానికి ఏళ్లుగా వాడుతున్నారు. అంటే ఈ చెత్త బయటి రంగం నుంచి రాలేదు, సైబర్ సెక్యూరిటీ లోపలి నుంచే వచ్చింది. "మరియు" పెట్టినా అది పోదు. కాబట్టి ఇలాంటి మాటను ఒంటరిగా వదలకూడదు. "సీ పోర్ట్", "పోర్ట్ టెర్మినల్", "మారిటైమ్" లాంటి జోడు మాట ఉంటేనే లోపలికి రానివ్వండి. పొట్టి పేరు బదులు పూర్తి పేరు రాయండి.

మొత్తం సైబర్ సెక్యూరిటీని లెక్కపెట్టేవాళ్లకూ ఇదే బెడద. "వైరస్" అని పెడితే 2020, 2021లో కరోనా పేపర్లన్నీ కొట్టుకొస్తాయి. ఎస్ఓసీ అంటే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్, వ్యవసాయం వాళ్లకు అది నేలలోని సేంద్రియ కార్బన్, చిప్‌లు చేసేవాళ్లకు సిస్టమ్ ఆన్ చిప్. "సెక్యూరిటీ" ఒక్కటే పెడితే ఆహార భద్రత కూడా వచ్చి చేరుతుంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో "టాపిక్" అని వెతికినప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. రచయిత ఇచ్చిన కీవర్డ్స్‌తో పాటు, ఆ పేపర్ ఉటంకించిన పేపర్ల శీర్షికల నుంచి యంత్రం తయారుచేసిన కీవర్డ్స్‌లో కూడా అది వెతుకుతుంది. రచయిత అనని మాటకు పేపర్ దొరికేది అందుకే.

వల సరిగ్గా ఉందా

క్వెరీ బాగుందో లేదో చూసి చెప్పలేం, కొలవాలి. వచ్చిన ఫలితాల్లోంచి లాటరీ పద్ధతిలో ఓ 100 తీయండి. పైన ఉన్న 100 వద్దు, అవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. ఒక్కో దాని శీర్షిక, సారాంశం చదివి, మన ప్రశ్నకు సంబంధించిందా కాదా అని గుర్తు పెట్టండి. అదే జాబితాను ఒక స్నేహితురాలికి ఇచ్చి, మీ గుర్తులు చూపించకుండా ఆమెతోనూ చేయించండి. ఇద్దరికీ తేడా వచ్చినవి పక్కపక్కన కూర్చుని తేల్చుకోండి. ఆ గొడవలోనే మీ ప్రశ్న హద్దులు మీకు తెలుస్తాయి. డ్రోన్ పడవలు నౌకల కిందికి వస్తాయా? సముద్రం అడుగు ఇంటర్నెట్ కేబుల్? రాసిపెట్టుకోండి. 100లో 82 సరైనవి అనుకుందాం. అప్పుడు మీ ఫలితాల్లో 82 శాతం పనికొచ్చేవి, అటూ ఇటూ ఏడెనిమిది శాతం తేడాతో.

ఇది ఒక వైపే. వల బయట ఎన్ని మిగిలాయో కూడా చూడాలి. ఈ అంశంలో తప్పకుండా ఉండాల్సిన 30 పేపర్లను క్వెరీతో సంబంధం లేకుండా పోగేయండి. సర్వే పేపర్ల చివర ఇచ్చే జాబితాలు, మీ గైడ్ చెప్పినవి, ఆ రంగంలో పనిచేసేవాళ్లు చెప్పినవి. వాటిలో మీ వలలో ఎన్ని పడ్డాయో చూడండి. 24 పడితే 80 శాతం. మిగిలిన ఆరూ ఎందుకు జారాయో ఒక్కోటీ తెరిచి చదవండి. వాటిలో మీరు అనుకోని మాట ఒకటి దొరుకుతుంది. దాన్ని కలిపి మళ్లీ వెతకండి. ఇలా నాలుగైదు సార్లు తిరగాలి. విసుగొస్తుంది, నిజమే. కానీ గైడ్ అడిగినా, వైవాలో ఎగ్జామినర్ అడిగినా ధైర్యంగా చెప్పగలిగే అంకె ఇదొక్కటే.

శుభ్రం చేయడం

డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి ఇక ముట్టుకోవద్దు. పని అంతా దాని కాపీ మీద చేయండి. ఒకే పేపర్ రెండుసార్లు ఉంటే, పేపర్లకు ఇచ్చే గుర్తింపు నంబరు డీఓఐతో పోల్చి ఒకటి తీసేయండి. ఈ రంగంలో ఆర్‌కైవ్ అనే సైట్‌లో ముందు ప్రిప్రింట్, అంటే అచ్చుకు ముందరి ప్రతి, పెట్టి తర్వాత కాన్ఫరెన్స్‌లో వేస్తారు. రెండింటికీ డీఓఐ వేరుగా ఉండొచ్చు. అందుకని శీర్షికతో కూడా ఒకసారి పోల్చాలి. వెనక్కి తీసుకున్న పేపర్లను కూడా ఏరేయాలి. 2023లో హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నల్స్ నుంచే 8,000కు పైగా పేపర్లు వెనక్కి పోయాయి. వాటిలో సెక్యూరిటీ జర్నల్ ఒకటి కూడా ఉంది. ఏవి వెనక్కి పోయాయో చెప్పే రిట్రాక్షన్ వాచ్ డేటాను అదే ఏడాది డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది.

తర్వాత ఊళ్లు, పేర్లు. "మేడమ్, వైజాగ్ ఒక్కటే కదా, ఇందులో ఇన్ని వైజాగ్‌లేంటి?" అని ఆ అమ్మాయి అడిగింది. చూస్తే విశాఖపట్నాన్ని నాలుగైదు స్పెల్లింగులతో రాశారు, వైజాగ్ వేరుగా ఉంది, పాత పేపర్లలో వాల్తేరు ఉంది. ఒకే యూనివర్సిటీ అయిదు సంస్థలుగా విడిపోయి, ఏ జాబితాలోనూ పైకి రాలేదు. సంస్థలకు ఆర్ఓఆర్ అని ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. పేరుతో కాకుండా దాంతో కలపండి.

మనుషుల పేర్లు ఇంకా కష్టం. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. చివరి మాటే ఇంటిపేరనుకునే సాఫ్ట్‌వేర్ రావు, రాజు, నాయుడు, కుమార్‌లను ఇంటిపేర్లుగా ఎక్కిస్తుంది. అసలు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. కె.ఎస్. రావు అన్న పేరు వెనక ఎంతమంది శ్రీనివాసరావులు, సుబ్బారావులు, సత్యనారాయణరావులు ఉంటారో ఆలోచించండి. చైనా వాళ్లకూ ఇదే ఇబ్బంది. వై. జాంగ్ ప్రపంచంలోనే ఎక్కువ పేపర్లు రాసిన పరిశోధకుడిగా జాబితాలో మొదట నిలబడితే, అది ఒక మనిషి కాదు, చాలామంది. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే ఓఆర్‌సిడ్ నంబరు లేకపోతే "టాప్ పది మంది రచయితలు" అన్న పట్టికే వేయకండి. అది లేకపోయినా మీ పనికి లోటేమీ ఉండదు.

లెక్క

ఇప్పుడు గీత గీయొచ్చు. ఉదాహరణకు 2014లో 400 పేపర్లు, 2023లో 3,200 అనుకుందాం. 9 ఏళ్లలో 8 రెట్లు, అంటే మూడేళ్లకోసారి రెట్టింపు, ఏడాదికి సుమారు 26 శాతం. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. అదే డేటాబేస్‌లో కంప్యూటర్ సైన్స్ పేపర్లు మొత్తం లక్ష నుంచి రెండు లక్షలయ్యాయి అనుకోండి. అప్పుడు మన వాటా 0.4 శాతం నుంచి 1.6 శాతం అయింది. అంటే నిజంగా పెరిగింది నాలుగు రెట్లు, మిగతాది అందరితో పాటు పెరిగింది. నౌకల పేపర్లకైతే కింద మొత్తం సైబర్ సెక్యూరిటీ అంకె పెట్టి భాగించండి. పేపర్ల సంఖ్య గీత, వాటా గీత, రెండూ ఒకే పేజీలో చూపించండి. చివరి ఏడాదిన్నర, రెండేళ్లు చుక్కల గీతతో గీయండి.

దేశాల వాటా చెప్పేటప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాలి. నలుగురు రాసిన పేపర్‌లో ఇద్దరు విశాఖ వాళ్లు, ఒకరు చైనా, ఒకరు ఆస్ట్రేలియా అనుకోండి. పూర్తి లెక్కలో మూడు దేశాలకూ ఒక్కొక్కటి, ఒక పేపర్ మూడు పేపర్లవుతుంది. భిన్నాల లెక్కలో ఇండియాకు 0.5, మిగతా ఇద్దరికీ 0.25 చొప్పున. బయటి దేశాలతో కలిసి ఎక్కువ రాసే చిన్న దేశాలు పూర్తి లెక్కలో పెద్దగా కనిపిస్తాయి. ట్రెండ్‌కు నేను భిన్నాలే వాడమంటాను. ఏది వాడినా పైన రాయండి.

సైటేషన్లు, అంటే ఒక పేపర్‌ను మిగతా పేపర్లు ఉటంకించిన సార్లు, వాటి గురించి క్లుప్తంగా. పాత పేపర్‌కు ఎక్కువ, కొత్త పేపర్‌కు తక్కువ ఉంటాయి. పోల్చాలంటే అచ్చయిన మొదటి మూడేళ్లలో వచ్చినవే తీసుకోండి. 2005లో హిర్ష్ చెప్పిన హెచ్-ఇండెక్స్ ఒక మనిషి పని గురించి. దాన్ని దేశాల మీద, టాపిక్‌ల మీద రుద్దొద్దు.

మ్యాప్, దాన్ని చదవడం

పేపర్లలో ఏ మాటలు కలిసి వస్తున్నాయో మ్యాప్‌గా గీసే సాఫ్ట్‌వేర్ వోస్‌వ్యూయర్ నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీలో తయారైంది, ఉచితం. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాళ్లు బిబ్లియోమెట్రిక్స్ అనే ప్యాకేజీ వాడొచ్చు. రానివాళ్లకు అందులోనే బిబ్లియోషైనీ ఉంది, మౌస్‌తో నడిచిపోతుంది. ఫైల్ ఎక్కించే ముందు ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైల్ తయారుచేసుకోండి. ఎడమ వైపు వచ్చిన మాట, కుడి వైపు దాని బదులు వాడాల్సిన మాట. ఐడీఎస్, ఇంట్రూజన్ డిటెక్షన్ సిస్టమ్, సిస్టమ్స్ అని బహువచనం, అన్నీ ఒకే మాటకు. వోస్‌వ్యూయర్ దీన్ని థిసారస్ ఫైల్ అంటుంది. ఇది లేకుండా గీసిన మ్యాప్‌లో ఒకే విషయం నాలుగు గుండ్రాలుగా విడిపోయి కనిపిస్తుంది.

మ్యాప్‌లో కుడి, ఎడమ, పైన, కింద అన్నవాటికి అర్థం లేదు, దగ్గరా దూరమే లెక్క. ఏళ్లను బట్టి రంగులు వేసే ఓవర్‌లే మ్యాప్‌లో పసుపు రంగు వైపు ఉన్న మాటలు సగటున కొత్తవి. అయితే కొత్త మాట అంటే కొత్త పని అనుకోవద్దు. ఒక్కో రంగు గుంపులోంచి ఐదు పేపర్లు తెరిచి చదవండి. డీప్ లెర్నింగ్ అని మెరుస్తున్న గుంపులో, చొరబాట్లు పట్టుకోవడానికి ఇంకా 1999 నాటి కేడీడీ కప్ డేటా మీదే పరీక్షించిన పేపర్లు కనిపించవచ్చు. మాట కొత్తది, కింద డేటా పాతికేళ్లది. ఇది మీ కంట పడితే తప్పకుండా రాయండి. ఎన్ని పేపర్లు వచ్చాయో చెప్పడం కంటే ఇదే చదివేవాళ్లకు ఉపయోగం.

సంఘటనలతో ముడిపెట్టేటప్పుడు తొందరపడొద్దు. 2016లో మిరాయ్ బాట్‌నెట్, 2017 మేలో వానాక్రై రాన్సమ్‌వేర్, 2024 ఆగస్టులో క్వాంటమ్ కంప్యూటర్లకూ లొంగని పోస్ట్ క్వాంటమ్ క్రిప్టోగ్రఫీకి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ ఇచ్చిన మొదటి మూడు ప్రమాణాలు, వీటిని గ్రాఫ్ మీద నిలువు గీతలుగా పెట్టండి. పని చేసి, రాసి, అచ్చు కావడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. ఆ ఎడం చూసుకున్నాక కూడా "తర్వాత పెరిగింది" అనే రాయండి. "దాని వల్ల పెరిగింది" అనాలంటే పేపర్ల పీఠికల్లో ఆ సంఘటనను వాళ్లే ప్రస్తావించారో లేదో చదివి లెక్కపెట్టాలి.

ఈ రంగంలో పేపర్‌గా రాని పని కూడా చాలా ఉంటుంది. 1999 నుంచి నమోదవుతున్న సీవీఈ అనే సాఫ్ట్‌వేర్ లోపాల జాబితా, డెఫ్‌కాన్ లాంటి హ్యాకర్ల సభల్లో చూపించేవి, కంపెనీల లోపలి నివేదికలు మీ లెక్కలోకి రావు. ఆ సంగతి ఒక పేరాలో చెప్పండి.

చివరగా అనుబంధంలో క్వెరీ మొత్తం ఒక్క అక్షరం వదలకుండా, వెతికిన తేదీ, డేటాబేస్ పేరు, తీసేసినవెన్ని, ఎందుకు, థిసారస్ ఫైల్, 100 పేపర్ల మీద మీ ఇద్దరి గుర్తులు, ఇవన్నీ పెట్టండి. ఆరు నెలల తర్వాత అదే క్వెరీ మళ్లీ నడపండి. పాత ఏళ్ల అంకెలు ఎంత కదిలాయో చూస్తే, ఏ ఏడాది వరకు గీతను నమ్మొచ్చో అదే చెబుతుంది.

ఆ అమ్మాయి క్వెరీ ఇప్పుడు పదకొండు వరుసలుంది. పోర్టు అన్న మాట అందులో ఎక్కడా ఒంటరిగా లేదు. పోయిన వారం జారిపోయిన ఆరు పేపర్లలో నాలుగు వలలో పడ్డాయని మెసేజ్ పెట్టింది. మిగతా రెండింటి కోసం ఈ శనివారం కూర్చుంటున్నాం.